మేఘావతి ఎందుకు పిలవలేదు

ఆదివారం పొద్దున్న అండమాన్లోని డిగ్నాబాద్ వాలులో నూకరత్నం గుమ్మం ముందున్న చెప్పులు చూస్తే లోపల పెళ్ళిచూపులో పంచాయితీయో జరుగుతోందని ఎవరైనా అనుకోవాల్సిందే. రెండూ కాదు, టీవీలో 'శంఖద్వీప్' వస్తోందన్నమాట. ఆ వరసలో రంగుల టీవీ ఉన్న ఇల్లు అప్పటికి అదొక్కటే. ఏళ్ళ తరబడి చేపల గంప నెత్తిన మోసి, మెడలు పడిపోయాక కొన్న టీవీ అది. అంచేత సీరియల్ ఎంతమంది చూసినా, దానికి అర్థం చెప్పే హక్కు మాత్రం తనదేనని నూకరత్నం నమ్మకం. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. కాదనే ధైర్యం ఆ వాలులో ఒక్క ఎత్వారీ దీదీకే ఉండేది.

ఎత్వారీ దీదీ రాంచీ మనిషి, పక్కింటావిడ. రోడ్డు పనుల్లో కంకర మోసి చేతులు కాయలు కాసినావిడ. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. నూకరత్నానికి బజారు హిందీ బ్రహ్మాండంగా వచ్చు. కోపం వస్తే మాత్రం మామగారు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కించుకొచ్చిన తెలుగు తప్ప ఇంకోటి నోటికి రాదు. ఎవరి భాషలో వాళ్ళు దెబ్బలాడుకుంటూనే ఇద్దరూ ఇన్నేళ్ళు కలిసి బతికారు.

ఆ సీరియల్లో మాయలకి లెక్కలేదు, వాటిమీద అనుమానాలకీ లెక్కలేదు. షిప్పింగ్ ఆఫీసులో పనిచేసే సత్యారావు ఓసారి పెద్ద ధర్మసందేహమే లేవదీశాడు. కాలకూట్ మాంత్రికుడు కాకై సముద్రం దాటేస్తాడు గదా, అలాంటివాడు కోట గుమ్మానికి కట్టిన వేపమండ దాటలేడా, ఇదేం రాత అని. నూకరత్నం టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే తేల్చేసింది. వలకి కన్నుంటుంది, ఆ కన్ను కొలతని బట్టి చేప పడుతుంది. సొరచేప తగులుకునే వలలో నెత్తళ్ళు జారిపోవా? మంత్రమూ అంతే, దేనికి అల్లిందో దానికే పనిచేస్తుంది. సత్యారావు ఆఫీసులో తన సాహెబుకి కూడా ఈ మాటే చెప్పాడట. అది విన్నాక నూకరత్నం వారం రోజులు నేలమీద నడవలేదు.

ఇలా సాగిపోతుంటే మేఘావతి గొడవ వచ్చి పడింది.

మేఘావతి శంఖద్వీపానికి రాణి. పుట్టుకతోనే ఆమెకో వరం ఉంది: వెనకనుంచి పేరు పెట్టి పిలిచిందా, ఎంతటివాడైనా ఇక అడుగు ముందుకి వెయ్యలేడు. ఆ ఆదివారం ఆమె మొగుడు సూర్యకేతు రాజు పడవెక్కి సుడిగుండం వైపు బయల్దేరాడు. వెళితే రాడని ఆమెకి తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. రేవు మెట్లమీద నిలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. పడవ కదిలింది, చిన్నదైంది, మాయమైంది. ఆమె పిలవలేదు. అంతటితో ఆ వారం అయిపోయింది.

గదిలో గగ్గోలు లేచింది. ఎత్వారీ దీదీ నేలమీద అరచేత్తో కొట్టి మరీ చెప్పింది, ఈ రాణి దొంగదని. నోరుంది, వరముంది, ఒక్క కేక వేస్తే మనిషి దక్కేవాడు. వెయ్యలేదంటే సింహాసనం మీద కన్నుపడింది, కాలకూట్‌తో చేతులు కలిపింది, ఆ ఏడుపు ఉత్త దొంగేడుపు. సగం మంది అవునవునని తలలూపారు. సత్యారావు కూడా ఊపాడు.

నూకరత్నం లేచి టీవీ కట్టేసి, దాని ముందు నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. సముద్రం మీదికెళ్ళే మొగాణ్ణి ఏ మంచి ఇల్లాలైనా వెనకనుంచి పిలుస్తుందా అని అడిగింది. ఎక్కడికని అడగం, ఎప్పుడొస్తావని అడగం, కదిలిన పడవని పిలవనే పిలవం. అది కీడు. పిలిచిందంటే అదీ మంత్రగత్తె లక్షణం. పిలవకుండా పళ్ళు బిగబట్టుకుని ఏడ్చిందే, ఆమె పతివ్రత. ఇంకోటి కూడా ఉంది. ఆ వరం పేరు పెట్టి పిలిస్తేనే గదా పనిచేసేది? మొగుడి పేరు నోటితో ఎలా పలుకుతుంది? దేవుడు వరమిచ్చాడే గాని, మొగుడి విషయంలో అది ఒట్టిపోయిన ఆవే.

ఈ చివరి మాటకి తెలుగు ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గెలిచినట్టు నవ్వారు. నిజమే మరి, అందులో ఒక్కతెకీ మొగుడి పేరు నోటెంట వచ్చి ఎరగదు. ఎత్వారీ దీదీ మాత్రం బిత్తరపోయి చూసింది. పడవ మునుగుతుంటే పేరేమిటి, మర్యాదేమిటి అంటుంది ఆవిడ.

అప్పుడు వంటగది గుమ్మంలోంచి కోడలు సీతాలు మెల్లగా అంది: "అత్తా, ఆ రాణి ఇయ్యాల మొదట్నుంచీ ఒక్క మాటా ఆడలేదు. గమనించేరా?"

"మొగుడు సావుకెల్తుంటే కూకుని కబుర్లాడతాదేటి?" అంది నూకరత్నం. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకునే నోరు కాదు గదా. "ఎనకనుంచి పిలిసినోళ్ళ వల్లే పడవలకి కీడు గానీ, నోరు మూసుకున్నోళ్ళ వల్ల కాదు," అని కూడా అనేసింది.

సీతాలు మొహం మాడిపోయింది. గుమ్మంలోంచి లోపలికి పోయింది. ఆ మాట ఎవరికి తగిలిందో గదిలో అందరికీ తెలుసు.

ఎందుకంటే సీతాలు ఓసారి పిలిచింది. ఫెరార్గంజ్ పిల్ల, వాళ్ళది వ్యవసాయం. అక్కడ ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని పిలవాలంటే గొంతెత్తి కేకెయ్యడమే, అందులో కీడూ లేదు, మేలూ లేదు. నూకరత్నం కొడుకు అప్పలరాముణ్ణి చేసుకుని కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్ళింది. డింగీ పడవ కదిలాక చూస్తే మొగుడి అన్నం డబ్బా గట్టుమీదే ఉండిపోయింది. "మావా!" అని ఒక్క కేక పెట్టింది. జెట్టీలో ఉన్న మావలందరూ తిరిగి చూశారు. నూకరత్నం మొగుడు గవరయ్యకి డింగీలో పొత్తుదారు అప్పలకొండ కాండ్రించి ఉమ్మి, పడవ వెనక్కి తిప్పించి, ఇవాళ వల ముట్టేది లేదన్నాడు. అక్కడితో ఆగక ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి అరిచాడు. నలుగురిలో పరువు పోయిందని నూకరత్నం ఆ పూటే తీర్పు చెప్పేసింది: ఈ పిల్ల ఇక జెట్టీలో కాలు పెట్టకూడదు.

వసపిట్టలా వాగుతూ వచ్చిన పిల్ల, ఆనాటినుంచి నోరు తగ్గించేసింది. పొద్దున్నే ఇరుగుపొరుగు కోడళ్ళు అన్నం డబ్బాలు పట్టుకుని మొగుళ్ళని సాగనంపడానికి వాలు దిగుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఆ పిల్లకి కావలసింది పెద్ద కోరికేం కాదు. తనూ అందరిలా జెట్టీకి వెళ్ళాలి, తన మనిషి సముద్రంలోకి వెళ్ళేది కళ్ళారా చూడాలి. మేఘావతి మంచిదని అత్త ఎంత గట్టిగా గెలిస్తే, జెట్టీ తనకి అంత దూరమవుతోందని ఆ పిల్లకి తెలుసు. ఎత్వారీ దీదీకీ తెలుసు. నూకరత్నానికే తెలియలేదు, గెలవడంలో పడిపోయి.

ఆ వారమంతా నూకరత్నం మేఘావతి తరఫున ఊరంతా వాదించింది. నీళ్ళ కొళాయి దగ్గర వాదించింది. ప్రోతరాపూర్ బస్సులో కండక్టరుతో వాదించింది. చేపల మార్కెట్లో సూర చేప కొయ్యమని వచ్చిన బెంగాలీ ఆయనకి ముక్క ముక్కకీ ఒక న్యాయం చెప్పి, రాణి నిర్దోషి అని ఒప్పుకున్నాకే సంచీలో వేసింది. శుక్రవారానికి లెక్క చూసుకుంటే తనవైపే జనం ఎక్కువ. ఎత్వారీ దీదీ ఒక్కతే మొండికేసింది. "ఔరత్ కో ముహ్ కిస్‌లియే దియా భగవాన్ నే?" అంటుంది, దేవుడు ఆడదానికి నోరెందుకిచ్చాడని. చేపలమ్ముకోవడానికి అంటుంది నూకరత్నం.

శనివారం పొద్దున్న డింగీకి ఐసు ఎక్కువ కావాల్సొచ్చింది. అన్నం డబ్బాలు, నీళ్ళ క్యాను, ఐసు బస్తా, అన్నీ నూకరత్నం ఒక్కతే మొయ్యలేకపోయింది. గత్యంతరం లేక సీతాలుని తోడు తీసుకెళ్ళింది. రోడ్డుమీద మెట్ల దగ్గరే ఆగమని, కిందకి దిగొద్దని, నోరు విప్పొద్దని మూడు ఆజ్ఞలూ దారిలోనే జారీ చేసింది. సీతాలు తలూపింది. అక్కడిదాకా రానిచ్చినందుకే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

నూకరత్నం కిందకి దిగి అన్నీ అందించింది. డింగీలో ముగ్గురు: వెనక చుక్కానీ ఇంజనూ ఉన్నచోట కొడుకు అప్పలరాముడు, మధ్యలో అప్పలకొండ, ముందు కొసన మొగుడు గవరయ్య. ఆ ఇంజను పెట్రోలుతో మొదలై కిరసనాయిలు మీద నడుస్తుంది, నడిచినంతసేపూ చెవులు చిల్లులు పొడుస్తుంది. పడవ కదిలింది. నూకరత్నం మర్యాద ప్రకారం ఏమీ మాట్లాడకుండా వెనుదిరిగి మెట్లెక్కింది. అండమాన్లో పొద్దు తొందరగా పొడుస్తుంది. అప్పటికే ఎండ నీళ్ళమీద పరుచుకుంది.

పైన నిలబడ్డ సీతాలు నీళ్ళకేసి చూస్తూ, "అత్తా, ఆ రంగులేటి?" అంది, గుసగుసలా.

నూకరత్నం తిరిగి చూసింది. అప్పలకొండ రోజూ లాగే పడవ అడుగున చేరిన నీళ్ళు డబ్బాతో తోడి పారబోస్తున్నాడు. పారబోసిన చోటల్లా నీళ్ళమీద ఎరుపూ పసుపూ నీలం రంగులు విచ్చుకుంటున్నాయి. పెట్రోలు. అడుగున పెట్రోలు నిండుతోంది. పడవలో ఉన్నవాళ్ళకి ఆ వాసన రోజూ ఉండేదే, అందుకే పట్టించుకోరు. ఎత్తున నిలబడి ఎండకెదురుగా చూసేవాళ్ళకి తప్ప ఆ రంగులు కనపడవు. గవరయ్య నోట్లో బీడీ ఉంది. అగ్గిపెట్టె కోసం లుంగీ మడత తడుముకుంటున్నాడు.

సీతాలు నోరు తెరిచింది. తెరిచిన నోటికి తనే అరచెయ్యి అడ్డం పెట్టుకుని అత్త మొహంలోకి చూసింది. ఆ చూపు నూకరత్నానికి ఈటెలా దిగింది. ఈ పిల్ల నా ఆజ్ఞ కోసం చూస్తోంది, మొగుడు బుగ్గయిపోతున్నా నేను పిలవమంటే తప్ప పిలవదు, అంతలా నోరు కుట్టేశాను అనుకుంది. అంతే, ఇంక కీడూ మేలూ, వారమంతా చేసిన వాదనలూ ఏవీ గుర్తుకి రాలేదు.

"రాముడూ!" అని కేకేసింది. కొడుకు చెవి పక్కనే ఇంజను, వాడికేం వినబడుతుంది? "ఇదిగో! ఓ అయ్యా!" అంది. జెట్టీలో ఎవరెవరో అయ్యలు తిరిగారు గానీ కావలసినాయన తిరగలేదు. అగ్గిపెట్టె చేతికి దొరికింది. పుల్ల తీస్తున్నాడు.

నూకరత్నం గుండెలనిండా గాలి పీల్చి, మార్కెట్లో చేపలమ్మే గొంతు మొత్తం పెట్టి, "గవరయ్యా!" అని అరిచింది.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ పేరు ఆ నోట రావడం అదే మొదలు. ఇంజను మోత దాటుకుని వెళ్ళి తగిలింది. గవరయ్య ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. పుల్ల, పెట్టె, బీడీ మూడూ సముద్రంలో పడ్డాయి. మనిషి ఉన్నచోటునే కర్రలా బిగుసుకుపోయి, మెట్లమీదున్న పెళ్ళాన్ని నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు.

పక్కనుంచి సీతాలు గొంతు కూడా లేచింది. "మావా, ఇంజను ఆపీ! పెట్రోలు! పెట్రోలు!"

తండ్రి అలా నిలబడిపోవడం చూసి అప్పలరాముడు ఇంజను కట్టేశాడు. పడవ తెడ్లు వేసుకుంటూ వెనక్కి వచ్చింది. గట్టుకి రాకుండానే అప్పలకొండ మొదలెట్టాడు: కోడలు చాలదని అత్త కూడా తగలడింది, ఇంటిల్లిపాదీ పిలుపుల సంతే అని. నూకరత్నం ఒకటే మాటంది, ముందు అడుగు చెక్క లేపి చూడరా అని. లేపాడు. పెట్రోలు క్యాను అతుకు విడిపోయి ఉంది, సగం క్యాను అడుగు నీళ్ళలో కలిసిపోయింది. అప్పలకొండ చెక్క పట్టుకుని అలాగే కూలబడ్డాడు. అప్పలరాముడు మెట్లకేసి చూశాడు, సీతాలు పడవకేసే చూస్తూ నిలబడి ఉంది.

గవరయ్యకి మాత్రం పెట్రోలు సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. గట్టుమీదికొచ్చి పెళ్ళాన్ని ఎగాదిగా చూసి అడిగాడు: "నా పేరు నీకెలగ తెలుసే?"

"ఊరంతా అరుస్తుంటే ఇనబడదేటి, నానేం సెవిటిదాన్నా?" అంది నూకరత్నం. అని అక్కడే మెట్టుమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం ఆ జెట్టీలో ఎవరూ చూసి ఎరగరు.

మర్నాడు ఆదివారం. గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. జెట్టీ కబురు వాలంతా పాకిపోయి, సీరియల్ చూడనివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఎత్వారీ దీదీ ముందు వరసలో, జెట్టీలో తన వాదమే గెలిచినా ఆ మాట ఎత్తకుండా, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇవాళ రాణి ఏమిటో తేలిపోతుందని అందరికీ తెలుసు.

తేలింది. సూర్యకేతు బయల్దేరడానికి ముందురాత్రే కాలకూట్ వచ్చి, నిద్రలో ఉన్న మేఘావతి గొంతు లాగేసి శంఖంలో పెట్టి మూత వేసేశాడు. ఆమె పిలవకపోవడమేమిటి, పిలిచింది. మెట్లమీద నిలబడి లోలోపల ప్రాణం పెట్టి పిలుస్తూనే ఉంది, శబ్దమే లేదు. దుర్మార్గమూ కాదు, పతివ్రత మర్యాదా కాదు. నోరు లేనిదాని మౌనానికి వీళ్ళంతా వారం పొడుగునా అర్థాలు చెప్పుకున్నారన్నమాట.

గదంతా నూకరత్నం వైపు తిరిగింది. ఆవిడ తొణకలేదు. రాణి మంచిదని తను మొదటే చెప్పిందా లేదా, చెప్పింది గనక గెలుపు తనదే అంది. అందరూ ఘొల్లున నవ్వారు. ఎత్వారీ దీదీ నవ్వలేదు. వంటగది గుమ్మం వైపు గడ్డంతో చూపించి, నెమ్మదిగా అంది:

"బహూ బోలీ థీ. పహలే దిన్ హీ బోలీ థీ."

కోడలు చెప్పింది, మొదటి రోజే చెప్పింది. రాణి ఒక్క మాటా ఆడలేదని ఆ పిల్లే చూసింది. నీళ్ళమీద రంగులూ ఆ పిల్లే చూసింది. నూకరత్నం గుమ్మంలో నిలబడ్డ సీతాలుని చూసింది. ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లో ఈ పిల్ల గొంతు వినపడ్డం లేదని, అదేమిటని తను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. ఆ శంఖానికి మూత వేసిన చెయ్యి ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"హాఁ దీదీ," అంది చివరికి, "బోలీ థీ."

ఓడిపోయినప్పుడు నూకరత్నం నోట హిందీ రావడం ఎత్వారీ దీదీ అదే మొదటిసారి వినడం. దీదీ లేచి, స్నేహితురాలి వీపు తట్టి, టీవీ తనే కట్టేసింది.

సోమవారం తెల్లారేసరికి గుమ్మంలో అన్నం డబ్బాలు తయారుగా ఉన్నాయి. నూకరత్నం వాటిని తీసి కోడలి చేతిలో పెట్టింది.

"జెట్టీ కిందదాకా ఎల్లు," అంది. "నాను మెట్లమీదుంటాను."

సీతాలు నమ్మలేక చూసింది. "మళ్ళీ ఏదైనా కనపడితే, అత్తా?"

"పిలు."

"ఏటీ కనపడకపోతే?"

నూకరత్నం ఆలోచించింది. కొత్త క్యాను కొన్నారు, అడుగు చెక్కలు కడిగారు, కనపడేది ఏమీ ఉండదు. "అయినా పిలు," అంది. "నీకూ అలవాటవ్వాల, ఆళ్ళకీ అలవాటవ్వాల."

సీతాలు డబ్బాలు అందించింది. డింగీ తాడు విప్పారు, ఇంజను మొదలైంది, పడవ నాలుగు బారలు సాగింది. సీతాలు ఒకసారి మెట్లకేసి చూసింది. నూకరత్నం నడుంమీద చెయ్యేసుకుని, టీవీ ముందు నిలబడ్డట్టే నిలబడి ఉంది.

"మావా!" అని కేకేసింది సీతాలు, ఫెరార్గంజ్ గట్టుమీంచి వేసినట్టు. "బేగొచ్చీ!"

జెట్టీలో మావలందరూ తిరిగారు. అప్పలరాముడు చెయ్యెత్తి ఊపాడు. అప్పలకొండ ఏదో అనబోయి, మెట్లమీద మనిషిని చూసి, డబ్బా తీసుకుని నీళ్ళు తోడుకోవడం మొదలెట్టాడు. గవరయ్య బీడీ చెవిలోంచి తీసి, ముందు అడుగు చెక్క వాసన చూసి, అప్పుడు వెలిగించుకున్నాడు. పడవ ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

ఆ రోజు చేపలు ఎప్పటిలాగే పడ్డాయి.